తిరుమల కొండల శిలాసాక్ష్యము

చరిత్ర అనగానే మనకు శాసనములు, నాణెములు, కోటలు జ్ఞాపకము వచ్చును. తిరుపతి ప్రాంతములో ఇట్టి వానికి కొదువ లేదు. కాని చంద్రగిరి కోట గోడలోని ఒక రాతిని తీసికొన్నచో, ఆ కోట కట్టించిన రాజులకంటె ఆ రాయి ఎన్నో రెట్లు పాతది. రాజుల చరిత్రను వందల యేండ్లలో లెక్కింతుము. రాయి చరిత్రను కోట్ల యేండ్లలో లెక్కింపవలెను.

ఈ శిలాచరిత్రలో మిక్కిలి ముఖ్యమైన ఒక గుర్తు తిరుమల కొండల ఏటవాలు మీదనే ఉన్నది. ప్రతి దినము వేలకొలది యాత్రికులు ఘాట్ రోడ్డున దాని ప్రక్కగానే పోవుచున్నారు. పుస్తకము నడుమ కొన్ని పుటలు చిరిగిపోయిన చోటు వంటిది అది. చిరిగిన పుటలలో ఎంత కాలము పోయినది? పోయినట్లు మనకు ఎట్లు తెలిసినది? ఈ వ్యాసములో ఆ సంగతి వివరింతుము. దానిని చదువుటకు పాత రాతి గనులు ఎట్లు తోడ్పడునో కూడ చూతము.

రెండు జాతుల రాళ్ళు

తిరుపతి పట్టణములో నిలిచి కొండవైపు చూడుడు. కొండ పైభాగము గోడవలె నిటారుగా, ఎరుపు కలిసిన రంగులో కనిపించును. ఆ గోడలో అడ్డముగా పొరలు ఉండును. దాని క్రింది భాగము ఏటవాలుగా దిగి మైదానములో కలిసిపోవును. ఆకారములోని ఈ భేదమునకు కారణము రాళ్ళలోని భేదమే.

క్రింద ఉన్నది గ్రానైటు. చిత్తూరు ప్రాంతమున ఏ గుట్టను చూచినను సాధారణముగా ఈ రాయియే. చేతిలోనికి తీసికొని చూచినచో మూడు రకముల రేణువులు కనిపించును: గాజువలె మెరయు పలుగురాయి, తెలుపు లేక గులాబి రంగు ఫెల్డ్‌స్పార్, నల్లగా తళుకుమను అభ్రకము. కరిగిన శిలాద్రవము భూమి లోపల కొన్ని కిలోమీటర్ల లోతున మెల్లమెల్లగా చల్లారుట చేత ఈ రేణువులు కంటికి కనబడునంత పెద్దవిగా పెరిగినవి.

పైన ఉన్నది క్వార్ట్‌జైటు. ఇది ఒకప్పుడు ఇసుక. ఆ ఇసుక నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకొని, రేణువుల నడుమ సిలికా చేరి, గట్టిపడి ఉక్కువంటి రాయి అయినది. దీనిని నగరి క్వార్ట్‌జైటు అందురు. కొన్ని బండల మీద అలల గుర్తులు నేటికిని స్పష్టముగా ఉన్నవి. స్వర్ణముఖి ఏటిలో నీరు తీసిన పిమ్మట ఇసుక మీద మిగులు సన్నని అలల వరుసలను చూచినవారికి, బండ మీది గుర్తులను వేరుగా వివరింప నక్కరలేదు. ఈ పొరలు కడప హరివాణమునకు చెందినవి. నెలవంక ఆకారమున సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన ఈ హరివాణమునకు తిరుపతి దక్షిణపు అంచు. దీనిని వివరముగా పరిశీలించి విలియం కింగ్ వ్రాసిన గ్రంథమును భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 1872 లో ప్రకటించినది.

నడుమనున్న గీత

ఇప్పుడు ఒక ప్రశ్న. లోతున పుట్టిన గ్రానైటు మీద, నీటి అడుగున పుట్టిన ఇసుకరాయి నేరుగా ఎట్లు కూర్చున్నది?

గ్రానైటు పుట్టిన నాడు దానిపై కిలోమీటర్ల మందమున వేరు రాళ్ళు ఉండవలెను. అవి లేనిదే అది అంత మెల్లగా చల్లారజాలదు. కావున ఇసుక పేరుకొనుటకు ముందే ఆ పై రాళ్ళన్నియు అరిగిపోయి, గ్రానైటు బయటపడి యుండవలెను. ఎండకు పగిలి, వానకు కరిగి, ఏళ్ళలో కొట్టుకొనిపోయి ఒక పర్వతభాగమంతయు మాయమైనది. తరువాత ఆ చదునైన నేల మీదికి నీరు వచ్చినది. మొదట గులకరాళ్ళు, పిదప ఇసుక దాని మీద పరచుకొన్నవి. నగరి క్వార్ట్‌జైటు అడుగున గులకరాళ్ళ ముద్దశిల ఉండుట ఇందులకు సాక్ష్యము.

ఈ రెండు శిలలు కలియు గీతను భూవిజ్ఞానులు ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అందురు. ఆర్కియన్ యుగపు శిలల పైన ఉన్న తెగుడు అని దాని భావము. మనము దీనిని కాలవిచ్ఛేదము అని పిలుతము. స్కాట్లండు సముద్రతీరమున సిక్కార్ పాయింట్ అను చోట ఇట్టి విచ్ఛేదమును 1788 లో జేమ్స్ హట్టన్ చూచి, భూమి వయస్సు మానవుల ఊహకు అందనంత పెద్దదని గ్రహించెను. నేడు ఏళ్ళు, వానలు, అలలు చేయు పనియే పూర్వము కూడ జరిగినదని ఆయన వాదము. ఆ వాదమునకు మన ఊరిలోనే నిదర్శనము ఉన్నది. గ్రానైటు గుట్ట నుండి రాలిన ఫెల్డ్‌స్పార్ బంకమన్ను అగుచున్నది. పలుగు రేణువులు ఇసుకగా మిగిలి ఏటిలో చేరుచున్నవి. నేటి ఆ ఇసుకకును తిరుమల కొండమీది శిలకును పుట్టుక ఒక్కటే.

వయస్సు ఎట్లు తెలియును?

పైనున్న పొర క్రిందిదానికంటె చిన్నది అనుట సులభము. ఎన్ని యేండ్లు చిన్నది? దీనికి రేడియోధార్మికత తోడ్పడును. గ్రానైటులో జిర్కాన్ అను సూక్ష్మ స్ఫటికములు ఉండును. స్ఫటికము ఏర్పడునపుడు కొంత యురేనియమును తనలో చేర్చుకొనును. యురేనియము మెల్లగా సీసముగా మారును. యురేనియము-238 సగము మారుటకు సుమారు 447 కోట్ల సంవత్సరములు పట్టును. కావున స్ఫటికములోని యురేనియము, సీసముల నిష్పత్తిని కొలిచినచో అది పుట్టిన కాలము తెలియును. ఇసుకరాయి విషయమున ఒక జాగ్రత్త అవసరము. అందలి జిర్కాన్ రేణువు పాత గ్రానైటు నుండి కొట్టుకొని వచ్చినది గనుక, దాని వయస్సు ఇసుక పేరుకొన్న కాలమును తెలుపదు; తల్లిశిల వయస్సునే తెలుపును.

సర్వేక్షణ సంస్థ లెక్క ప్రకారము తిరుమల క్వార్ట్‌జైటు సుమారు 160 కోట్ల సంవత్సరముల నాటిది. అడుగు గ్రానైటు 210 కోట్ల సంవత్సరములకు పైబడినది. తక్కువగా చూచినను నడుమ లోటు 50 కోట్ల సంవత్సరములు. ఇదెంత కాలమో ఊహించుటకు ఒక పోలిక చెప్పుదును. గడచిన 50 కోట్ల సంవత్సరములలోనే నేల మీద మొక్కలు మొలచినవి, రాక్షసిబల్లులు వచ్చి పోయినవి, చివరకు మానవుడు వచ్చెను. అంతటి కాలము ఆ గీతలో మాయమైనది. రెండు రాళ్ళ నడుమ చేయి పెట్టినచో, బొటనవ్రేలి క్రింద ఒక యుగము, చిటికెనవ్రేలి క్రింద మరియొక యుగము ఉండును.

శిలాతోరణము

శ్రీవారి ఆలయమునకు సుమారు ఒక కిలోమీటరు దూరమున, చక్రతీర్థము సమీపమున శిలాతోరణము ఉన్నది. వెడల్పు సుమారు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. ఇది కూడ క్వార్ట్‌జైటే. శిలలో గట్టి పొరలు, మెత్తని పొరలు కలిసి యుండును. నిలువు పగుళ్ళ గుండా దిగిన నీరు క్రింది మెత్తని పొరలను తినివేయగా, పైనున్న గట్టి పొర వంతెనవలె మిగిలినది. ఉలి తగులలేదు, నీరు, గాలి, ఎండ మాత్రమే శిల్పులు.

ఇట్టి తోరణములు ప్రపంచమున రెండు మూడే ఉన్నవని కొందరు చెప్పుచుందురు. అది సరి కాదు. అమెరికాలోని ఆర్చెస్ జాతీయ వనములోనే రెండు వేలకు మించిన తోరణములు లెక్కింపబడినవి. మన తోరణము విలువ సంఖ్యను బట్టి కాదు. మిక్కిలి గట్టిదైన ప్రాచీన శిలలో ప్రకృతి ఎట్లు పని చేయునో అది చూపుచున్నది. శిలాతోరణమును, కాలవిచ్ఛేదమును సర్వేక్షణ సంస్థ జాతీయ భూవిజ్ఞాన స్మారకములుగా గుర్తించినది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండల ప్రకృతి సంపద యునెస్కో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాలో చేరినది.

పగుళ్ళు తోరణమును మాత్రమే చేయవు. 2021 నవంబరులో తిరుపతిలో కుంభవృష్టి కురిసినది. డిసెంబరు 1 వ తేదీన రెండవ ఘాట్ రోడ్డుపై పెద్ద బండలు విరిగిపడి రోడ్డు దెబ్బతిన్నది. పగుళ్ళలో నిండిన నీరు బండలను బయటికి నెట్టును. పట్టు సడలినచో అవి జారిపడును. కావున పగుళ్ళ దిశను చదువుట కేవలము పాండిత్యము కాదు. ప్రాణరక్షణకు సంబంధించిన విషయము.

గులకరాయి ప్రయాణము

శిల ప్రయాణము కొండతో ముగియలేదు. నగరి కొండల నుండి విరిగిన క్వార్ట్‌జైటు ముక్కలు ఏళ్ళలో దొర్లి, నునుపై, తూర్పున సత్యవేడు ప్రాంతమున పేరుకొన్నవి. రాక్షసిబల్లుల కాలము నాటి ఆ గులకరాళ్ళ పొరలను నేటికిని చూడవచ్చును.

ఆ ప్రాంతమునకు దక్షిణమున, నేటి తమిళనాడులోని అత్తిరంపాక్కము వద్ద, 1863 లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ ఇరువురు ప్రాచీన మానవుని చేతిగొడ్డళ్ళను కనుగొనిరి. కడప హరివాణముపై గ్రంథము వ్రాసిన కింగ్ ఇతడే. ఆ గొడ్డళ్ళు క్వార్ట్‌జైటు రాళ్ళతో చేసినవే. వానిలో మిక్కిలి ప్రాచీనమైనవి సుమారు 15 లక్షల సంవత్సరముల నాటివని 2011 లో ప్రకటింపబడినది. రాతిని ఎంచి, దెబ్బ తీసి, పెచ్చు లేపిన ఆ మానవుడే ఈ సీమలో మొదటి రాతిపనివాడు.

పాత గనులు

నేటి రాతిపనివారి గుర్తులు ప్రతి గుట్ట మీద ఉన్నవి. బండ అంచున వరుసగా చిన్న చదరపు గుంటలు కనిపించినచో అది పాత గని. ఉలితో గుంటలు తవ్వి, ఇనుప చీలలు దిగవేసి, సమ్మెటతో వరుసగా కొట్టినచో బండ ఆ గీత వెంబడి చీలును. మరియొక పద్ధతి మంటది. బండ మీద కట్టెల మంట వేసి, దానిని మెల్లగా జరుపుచు పోవుదురు. వేడికి పైపొర వ్యాకోచించును. అడుగు చల్లగానే ఉండును. పైగా పలుగురాయి ఫెల్డ్‌స్పార్ కంటె ఎక్కువగా వ్యాకోచించును. అందుచే పైపొర పలకవలె లేచి వచ్చును. సుత్తితో తట్టి, శబ్దమును బట్టి ఎంత మేర లేచినదో పనివారు చెప్పగలరు. బడికి పోకున్నను భౌతికశాస్త్రము వారి చెవిలో ఉన్నది.

గని తవ్విన చోట శిల తాజా ముఖము కనబడును. వానకు, నాచుకు రంగు మారని ఆ ముఖము విద్యార్థికి నల్లబల్ల వంటిది. గ్రానైటును చీల్చుకొని వచ్చిన నల్లరాతి డైకులు అక్కడ గోడలవలె కనిపించును. గ్రానైటును కోసిన డైకు దానికంటె చిన్నది. కడప హరివాణపు అంచులలో అట్టి డైకులు అనేకము పై పొరలలోనికి పోక, వాని అడుగుననే ఆగిపోయినవి. అనగా ఆ పొరల కంటె అవి పాతవి. లోటు కాలములో ఏమియు జరుగలేదని అనుకొనరాదు. జరిగినదానికి ఈ నల్లగోడలు మిగిలిన సాక్షులు.

కుప్పం వైపు పోయినచో మరియొక రకపు గనులు ఉన్నవి. కోలారు బంగారు గనుల శిలాపట్టీ దక్షిణముగా చిత్తూరు జిల్లాలోనికి సాగినది. చిగురుగుంట, బిసానత్తం గనులు ఆ పట్టీ లోనివే. 2001 లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ మూతపడుటతో ఆ సంస్థ పని అచ్చట ఆగిపోయినది.

మనము చేయవలసినది

పని ముగిసిన గనిని చెత్త వేయు గుంటగా చూచుట సాధారణము. జర్మనీలో మెస్సెల్ అను ఊరి వద్ద నూనెరాతి గని మూతపడిన పిమ్మట దానిని చెత్తతో నింపదలచిరి. స్థానికులు ఎదిరించి నిలిచిరి. దాదాపు 4.8 కోట్ల సంవత్సరముల నాటి గుర్రములు, గబ్బిలములు, పక్షుల శిలాజములు అందులో ఉన్నవి. 1995 లో అది ప్రపంచ వారసత్వ స్థలమైనది. నాడు చెత్త నింపియున్నచో ఆ పుటలు ఎవరికిని దక్కెడివి కావు.

మన కొండలలో 50 కోట్ల యేండ్ల పుటలను ప్రకృతియే చింపినది. అందులకు మనము చేయగలిగినది లేదు. కాని మిగిలిన పుటలు మన చేతిలో ఉన్నవి. స్మారకశిల మీద పేర్లు చెక్కినను, రంగులు పూసినను, గీత కనబడు చోటును సిమెంటుతో కప్పినను నష్టము తిరిగి తీరదు. రోడ్డు పక్క కొండచరియను కాపాడుట అవసరమే; కాని గీత స్పష్టముగా ఉన్న కొంత భాగమును చూపుటకు విడువవలెను.

ఉపాధ్యాయులకు ఒక మనవి. విద్యార్థులను ఊరి గుట్టకు తీసికొనిపోవుడు. రాతి రంగు, రేణువుల పరిమాణము, పొరలు, పగుళ్ళ దిశ — ఈ నాలుగింటిని నోటు పుస్తకములో వ్రాయించి బొమ్మ గీయించుడు. సుత్తి అక్కరలేదు, ఒక భూతద్దము చాలును. నీరు నిలిచిన పాత గనుల అంచునకు పిల్లలను పోనీయకుడు. రక్షిత అడవిలో రాయి తీయకుడు. ఘాట్ రోడ్డు మీద వాహనము దిగవలసిన పని లేదు. పట్టణము నుండియే కొండగోడను, దాని క్రింది ఏటవాలును గుర్తింపవచ్చును. ఆ రెండింటి నడుమనున్న గీతను ఒకసారి గుర్తుపట్టిన విద్యార్థి, కొండను ఇక వట్టి కొండగా చూడడు.