గని నుండి అంగడి వరకు

మునుపు పాలమూరు జిల్లాలోనిదై, 2016 నుండి నాగర్‌కర్నూలు జిల్లాలో చేరిన కొల్లాపూరు పట్టణమునకు చేరువనే, సోమశిల యొద్ద కృష్ణానది ప్రవహించుచున్నది. ఈ నదికి ఎగువను, దిగువను గల తీరభూములు ఒకప్పుడు వజ్రములకు పుట్టినిండ్లు. 1720 ప్రాంతమున బ్రెజిలు దేశమున గనులు బయల్పడు వరకు, లోకమునకు కావలసిన వజ్రములు ముఖ్యముగా భారతదేశము నుండియే పోవుచుండెడివి. వానికి గోలకొండ వజ్రములని పేరు. అయినను అవి గోలకొండ కోటలో దొరకినవి కావు. గనులు దూరమున నుండెను. గోలకొండ వానికి పెద్ద అంగడి.

17వ శతాబ్దిలో టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు పలుమారులు మన దేశమునకు వచ్చి, ఈ గనులను చూచి, తాను చూచిన దానిని గ్రంథస్థము చేసెను. గోలకొండకు అయిదు దినముల ప్రయాణదూరమున, బిజాపూరు సుల్తాను ఏలుబడిలో, ఆతడు రావోల్కొండ యని వ్రాసిన గని యుండెను. అచ్చట ప్రతిదినము ఉదయమున పదేండ్లు మొదలు పదునైదు, పదునారేండ్ల వరకు వయసు గల వర్తకుల బిడ్డలు ఊరి నడుమ నొక పెద్ద చెట్టు క్రింద కూర్చుండెడివారట. ఒక్కొక్కని నడుమున ఒక ప్రక్క తూనికరాళ్లు, మరియొక ప్రక్క వరహాల సంచి. ఎవరైన వజ్రమును అమ్మజూపినచో, దానిని అందరిలో పెద్దవాని చేతికిచ్చెడివారు. అది ఒకరి చేతినుండి యొకరి చేతికి మౌనముగా తిరిగివచ్చిన పిమ్మట ఆ పెద్దవాడు బేరమాడును. అధికమైన వెల యిచ్చినచో నష్టము వానిదే. సాయంకాలమున కొన్న రాళ్లను వేరుచేసి పెద్ద వర్తకులకు అమ్మి, లాభమును అందరును పంచుకొందురు. పెద్దవానికి మాత్రము ఒక చిన్న భాగము హెచ్చుగా దక్కును.

బాలురకు గల యీ నేర్పును, ఈ కట్టుబాటును మెచ్చుకొనవలసినదే. కాని ఆ గ్రంథముననే మరియొక మాట కలదు. గనిలో పని బాగుగ నెరిగిన కూలివానికి సైతము ఏడాదికి మూడు వరహాలే ముట్టుచుండెనట. చెట్టు క్రింది బాలుర సంచులలో నొక్కొక్కప్పుడు అయిదారు వందల వరహాలుండెడివి. ఆరువందల వరహాలనగా కూలివానికి రెండువందల యేండ్ల జీతము! అందుచేతనే కొందరు కూలీలు చిన్న రాళ్లను మ్రింగి దాచుటకైనను తెగించుచుండిరి. చెట్టు క్రింది న్యాయము గోతిలోనికి దిగలేదు.

పంట ఏటేట పండును. ఖనిజ మట్టిది కాదు. ఒకమారు త్రవ్వి తీసినచో మరల పుట్టదు. కావున దానిని ఎవరు త్రవ్విరి, ఎవరు కొనిరి, వచ్చిన ధనము ఎచ్చటికి పోయెను అను లెక్క యుండవలెను. ఈ లెక్క లేకున్న నెంత కీడు మూడునో ఆఫ్రికా ఖండమందలి సియెర్రా లియోను దేశపు చరిత్ర చెప్పుచున్నది. 1991 నుండి 2002 వరకు ఆ దేశమున అంతర్యుద్ధము చెలరేగెను. తిరుగుబాటుదారులు వజ్రములను అమ్మి ఆయుధములను కొనిరి. దూరదేశముల అంగళ్లలో ఆ రాళ్లు కొన్నవారికి వాని వెనుక నున్న రక్తపాతము కానరాలేదు.

దీనిని అరికట్టుటకై 2000 సంవత్సరమున దక్షిణాఫ్రికాలోని కింబర్లీ నగరమున పలు దేశములవారు సమావేశమైరి. వారి ఆలోచన ఫలించి, 2003లో కింబర్లీ పద్ధతి అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము సానబట్టని వజ్రములను గట్టి పెట్టెలో నుంచి, ముద్రవేసి, ప్రభుత్వపు ధ్రువపత్రముతో మాత్రమే దేశము దాటింపవలెను. ఇందు చేరని దేశముతో అట్టి వజ్రముల వర్తకము చేయరాదు. ప్రపంచపు వజ్రములలో అధికభాగమునకు సానబట్టు సూరతు నగరము మన దేశముననే యున్నది గనుక, ఈ నియమము మనకును ముఖ్యమైనది. 2008లోను, 2019లోను భారతదేశము ఈ సంస్థకు అధ్యక్షత వహించెను.

అయితే ధ్రువపత్రము తనంతట తాను కాపలా కాయదు. చట్టము వ్రాయుట కొలదికాలపు పని. దానిని నడపగల మనుష్యులను తయారుచేయుట ఏండ్ల పని. రాతిని తూచి వెలకట్టువారు, లెక్కలు వ్రాయువారు, సరిహద్దున తనిఖీ చేయువారు శిక్షణ పొందవలెను. త్రవ్వువానికి కూడ తన చేతిలోని రాతి విలువ తెలియవలెను; తెలియనిచో నడుమనున్న దళారియే లాభపడును. చెట్టు క్రింది బాలురు నేర్చిన విద్య గోతిలోని వానికి కూడ అందవలెనన్నమాట. అదియును గాక, కింబర్లీ పత్రము యుద్ధమునకు ధనమిచ్చు వజ్రములనే ఆపజూచును. కూలివాని జీతమును గాని, ఆరోగ్యమును గాని విచారింపదు. ఆ బాధ్యత ఆయా దేశములదే.

సియెర్రా లియోను 2001లో వజ్రముల ఎగుమతి సుంకమునుండి కొంత భాగమును త్రవ్వకము జరుగు ప్రాంతములకు ఇచ్చు ఏర్పాటు చేసెను. మన దేశమున 2015లో గనుల చట్టమును సవరించి, జిల్లా ఖనిజ నిధుల నేర్పరచిరి. ఆ సవరణకు ముందు గనులు పొందినవారు ప్రభుత్వమునకు చెల్లించు రాయల్టీకి తోడు, అందు నూటికి 30 వంతులు, వేలములో పొందినవారు నూటికి 10 వంతులు ఈ నిధికి చెల్లింపవలెను. ఆ ధనము గనుల వలన బాధపడు ప్రజల త్రాగునీటికి, వైద్యమునకు, విద్యకు వినియోగపడవలెను.

ఒక్కొక్కచోట త్రవ్వకుండుటయే మేలను మాట వినుటయు బాధ్యతయే. కొల్లాపూరునకు పొరుగుననున్న నల్లమల అడవిలో యురేనియము కొరకు అన్వేషణ తలపెట్టినప్పుడు, అడవియు నీరును చెడునని చెంచులు, పరిసర గ్రామస్థులు వ్యతిరేకించిరి. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ అచ్చట యురేనియము త్రవ్వకము వలదని ఏకగ్రీవముగా తీర్మానించెను.

భూమిలోని సంపద ఒక్క తరమువారి సొత్తు కాదు. రాతి వెల యెంతయని అడుగుట వర్తకుల కందరికి తెలిసినదే. ఆ రాయి ఎవరి చెమటతో వెలికి వచ్చినది, వారికి దక్కినదేమి యని కూడ అడుగుట పౌరులు నేర్వవలసిన విద్య.