బ్యాకప్ పెట్టారు సరే.. తెరిచి చూశారా?

కడియంలో ఓ నర్సరీకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిచ్చిన కొత్తలో మాట. ఏ ఊరికి ఎన్ని మొక్కలు వెళ్లాయి, ఎవరి బాకీ ఎంత.. అన్నీ లినక్స్ వేసిన ఓ పాత కంప్యూటర్‌లో, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోనే. రోజూ రాత్రి 2 గంటలకు దానంతటదే బ్యాకప్ తీసేలా క్రాన్‌లో ఒక లైను రాసి, పనైపోయిందనుకున్నాను. రెండు నెలలకు ఫోల్డర్ తెరిస్తే ఒక్క ఫైలూ లేదు! రాత్రి లోడు పంపేశాక వాళ్లు కంప్యూటర్ ఆపేసి ఇంటికెళ్లిపోతారు మరి. తెల్లారి ఆన్ చేసినా, తప్పిపోయిన పనిని క్రాన్ మళ్లీ చేయదు. అలా చేయాలంటే అనాక్రాన్ వాడాలి. నేనైతే టైమే సాయంత్రం 5కి మార్చేశాను.

మార్చాక ఇంకో తిప్పలు. ఫైలు పేరులో తేదీ రావాలని శాతం గుర్తు వాడాను. టెర్మినల్‌లో చక్కగా నడిచిన కమాండ్ క్రాన్‌లో ఫెయిల్. క్రాన్‌ట్యాబ్ శాతం గుర్తును కొత్త లైను అనుకుంటుంది. దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. దీనికే ఒక పూట పోయింది.

చిన్న షాపులకే ఈ బాధ అనుకోకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఓ ఇంజినీరు, రెప్లికా సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోని డేటా ఫోల్డర్‌ను డిలీట్ చేశారు. రోజువారీ బ్యాకప్ కోసం వెతికితే స్టోరేజీ ఖాళీ. డేటాబేస్ ఏమో పోస్ట్‌గ్రెస్ 9.6, డంప్ తీసే ప్రోగ్రామ్ 9.2. వెర్షన్ కలవక బ్యాకప్ ఫెయిలవుతూనే ఉంది. ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లూ మెయిల్ సర్వర్ దగ్గరే తిరస్కరణకు గురయ్యాయి. సుమారు 6 గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన స్నాప్‌షాటే చివరికి ఆదుకుంది. మధ్యలోని డేటా పోయింది. కంపెనీ ఇదేమీ దాచకుండా రిపోర్టు రాసింది. ఇంటర్వ్యూకు వెళ్లేముందు తప్పక చదవండి.

'బ్యాకప్ ఎలా షెడ్యూల్ చేస్తావు?' అని అడిగితే క్రాన్ లైను ఎవరైనా చెబుతారు. 'రీస్టోర్ చేసి చూశావా?' అన్నప్పుడే చాలామంది ఆగిపోతారు. కాబట్టి మీ కాలేజీ ప్రాజెక్టు డేటాబేస్‌తోనే ఈ వారం మొదలుపెట్టండి. డంప్ ఫైలు చివర 'డంప్ కంప్లీటెడ్' అన్న లైను ఉందో లేదో చూడండి. మధ్యలో ఆగిపోతే అది ఉండదు. తర్వాత ఆ ఫైలును ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి, టేబుళ్లలో వరుసలు లెక్కపెట్టండి. కాపీ ఇంకో డిస్క్‌లోనూ ఉంచండి.

ఆ నర్సరీకి ఇప్పటికీ నెలకోసారి వెళ్తాను. ముందు రోజు బ్యాకప్‌ను నా ల్యాప్‌టాప్‌లో రీస్టోర్ చేసి, ఆఖరి బిల్లు నంబరు వాళ్ల పుస్తకంతో సరిచూసుకున్నాకే టీ.