దాదాజాన్ పెట్టెలోని పుస్తకాలు లైబ్రరీలో ఎట్లా దొరుకుతాయి?

గార్లదిన్నె: అనంతపురం నుంచి గుత్తి వెళ్లే హైవే పక్కన ఉన్న గార్లదిన్నెలో ఒక ముస్లిం ఇల్లు అనుకుందాం. అటక మీద దాదాజాన్ ఇనుప పెట్టె ఉంది. అందులో ముప్పై నలభై పుస్తకాలు. ఉర్దూ తఫ్సీర్, సీరత్ పుస్తకం, గజళ్ల సంపుటి, తెలుగులో అచ్చయిన చిన్న పుస్తకాలు కొన్ని. దాదాజాన్ ఉర్దూ గడగడా చదువుతారు. కొడుకు కూడబలుక్కుని చదువుతాడు. మనవడికి అట్ట మీద పేరు చదవడం కూడా రాదు. చెదలు పట్టకముందే లైబ్రరీకి ఇచ్చేద్దామని ఇంట్లో మాట వచ్చింది.

మంచి ఆలోచనే. కానీ ఇచ్చిన తర్వాత ఆ పుస్తకం కావాల్సినవాళ్లకు దొరుకుతుందా? ఈ ప్రశ్నకు జవాబు అల్మరాలో లేదు, క్యాటలాగ్‌లో ఉంది.

కిరాణా కొట్టులో సరుకు ఉండటం వేరు, స్టాకు పుస్తకంలో రాసి ఉండటం వేరు. రాయని సరుకు గోడౌన్ మూలలో పడి ఉన్నా ఎవరికీ తెలియదు. లైబ్రరీ పుస్తకం కూడా అంతే. తప్పుగా రాసిన పుస్తకం, అసలు రాయని పుస్తకం, రెండూ పోయిన పుస్తకంతో సమానమే. అందుకే క్యాటలాగ్ రాసేవాళ్లు సొంత ఊహ మీద రాయరు. వాళ్ల చేతిలో కొన్ని నియమాలు, పట్టికలు, కోడ్‌లు ఉంటాయి. అవి ఏమిటో, మన ఇళ్లలోని పుస్తకాలకు అవి ఎట్లా పనికొస్తాయో చూద్దాం.

మనిషి ఒక్కడే, పేర్లు నాలుగు

షేక్, షేఖ్, షైక్. ఆధార్‌లో ఒక రకంగా, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకో రకంగా పేరు పడితే ఎంత తిప్పలో ప్రతి ఇంటికీ తెలుసు. లైబ్రరీలోనూ అదే గొడవ. పిఠాపురానికి చెందిన కవి ఉమర్ ఆలీషా (1885–1945) పేరునే తీసుకోండి. ఉమర్ ఆలీషా, ఉమర్ అలీషా, మౌల్వీ ఉమర్ అలీషా అని రకరకాలుగా రాస్తారు. ఒక్కో పేరు కింద కొన్ని పుస్తకాలు పడితే, ఒక పేరుతో వెతికినవాళ్లకు మిగతావి కనపడవు.

దీనికి మందు 'అథారిటీ ఫైల్'. ఒక రచయితకు ఒకే పేరును ఖాయం చేసి, మిగతా రాతలన్నీ దాని కింద నమోదు చేస్తారు. ఏ పేరుతో వెతికినా అన్ని పుస్తకాలూ వస్తాయి. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పెద్ద అథారిటీ ఫైల్ నడుపుతుంది. చాలా దేశాల జాతీయ లైబ్రరీల ఫైళ్లను కలిపి చూపే 'వయాఫ్' ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు.

పేరులో ఏ ముక్క ముందు రాయాలన్నది ఇంకో చిక్కు. మన దగ్గర షేక్, సయ్యద్, పఠాన్, దూదేకుల అన్నవి ఇంటిపేర్లలాగా నడుస్తాయి. వేరే చోట అదే షేక్, మౌల్వీ అన్నవి గౌరవానికి పెట్టే మాటలు. ఏ దేశంలో పేర్లు ఎట్లా రాస్తారో చెప్పే పుస్తకాన్ని అంతర్జాతీయ లైబ్రరీ సంఘాల సమాఖ్య, అంటే ఇఫ్లా, వేసింది. దాని నాలుగో ముద్రణ 1996లో వచ్చింది. తెలియని పేరు ఎదురైతే క్యాటలాగర్ ముందు అట్లాంటి పుస్తకం తెరుస్తారు.

ఖుర్ఆన్ అనువాదాలన్నీ ఒక్కచోట

ఖుర్ఆన్‌ను మొదట తెలుగులోకి తెచ్చినవారు చిలుకూరి నారాయణరావు. ఆయన అనంతపురం దత్తమండల కళాశాలలో పాఠాలు చెప్పిన భాషా పండితుడు. అంటే ఈ కథ గార్లదిన్నెకు కూతవేటు దూరంలోనిదే. ఆ తర్వాత చాలా అనువాదాలు వచ్చాయి. ఒకరు కురాను అన్నారు, ఒకరు ఖురాన్ అన్నారు, ఇంకొకరు ఖుర్ఆన్ అన్నారు. ముందు దివ్య, పవిత్ర లాంటి మాటలు చేరాయి. అక్షరాల వరుసలో పెడితే క నుంచి ప వరకు చెల్లాచెదురు.

అందుకే ఇట్లాంటి గ్రంథాలకు ఒక 'ఏకరూప శీర్షిక' పెడతారు. అట్ట మీద ఏ పేరు ఉన్నా లోపల ఖుర్ఆన్, దాని పక్కన తెలుగు అని రాస్తారు. అనువాదాలన్నీ ఒక్కచోట చేరుతాయి. అట్ట మీది పేరు ఎక్కడికీ పోదు, అది కూడా ఉన్నదున్నట్టు నమోదవుతుంది. ఉమర్ ఖయ్యాం రుబాయీలకు దువ్వూరి రామిరెడ్డి చేసిన తెలుగు పుస్తకం పేరు 'పానశాల'. ఖయ్యాం పేరుతో వెతికినవాళ్లకు అది కనపడాలంటే ఎవరో ఒకరు ఈ లింకు రాసి పెట్టాలి.

ఏ ఖబర్?

ఉర్దూ పుస్తకం పేరును తెలుగు అక్షరాల్లో రాసుకుంటే చాలదా? ఒక్కోసారి చాలదు. మన దక్ఖనీ మాటలో ఖాఫ్ అక్షరం కూడా 'ఖ' లాగే పలుకుతుంది. దాంతో సమాధి అన్నా 'ఖబర్' అంటాం, వార్త అన్నా 'ఖబర్' అంటాం. ఉర్దూ లిపిలో రెండింటికీ మొదటి అక్షరమే వేరు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే. పుస్తకం సమాధి గురించా, వార్తల గురించా అన్నది రికార్డు చూసినవాళ్లకు తెలియదు.

ఈ గందరగోళం రాకుండా ప్రతి అక్షరానికి ఒక్కటే గుర్తు ఉండేట్టు పట్టికలు చేశారు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కలిసి వాడే పట్టికల్లో ఉర్దూకు ఒకటి, తెలుగుకు ఒకటి ఉన్నాయి. కంప్యూటర్ క్యాటలాగ్‌లో అయితే ఉర్దూ లిపినే నేరుగా రాసి పెట్టొచ్చు.

సున్నా నుంచి తొమ్మిది వరకు

పుస్తకం వీపు మీద కనపడే నంబర్ దాని అడ్రస్. మన దేశంలో చాలా లైబ్రరీలు మెల్విల్ డ్యూయీ 1876లో తెచ్చిన దశాంశ పద్ధతిని వాడుతున్నాయి. అందులో ఇస్లాం నంబర్ 297. ఖుర్ఆన్ 297.122, హదీస్ 297.124, ప్రవక్త (స) జీవిత చరిత్ర 297.63. ఉర్దూ సాహిత్యం 891.439, తెలుగు సాహిత్యం 894.827.

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. మతాలకు కేటాయించిన 200 నుంచి 299 వరకు ఉన్న చోటులో ఎక్కువ భాగం క్రైస్తవానికే పోయింది. మిగతా మతాలన్నీ 290ల్లో సర్దుకోవాల్సి వచ్చింది. మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో తెచ్చిన కోలన్ పద్ధతి వేరే దారి పట్టింది. అందులో ఇస్లాం, క్రైస్తవం, బౌద్ధం, జైనం ఒక్కోదానికి ఒక్కో అంకె. అప్పట్లో అనంతపురం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే.

నంబర్ వేయడం లెక్క కట్టినంత తేలిక కాదు. గార్లదిన్నె ఉన్న శింగనమల నియోజకవర్గంలోనే నార్పల మండలం గూగూడు ఉంది. అక్కడ కుళ్లాయిస్వామి పేరుతో జరిగే మొహర్రంకు హిందువులు, ముస్లింలు కలిసి వస్తారు. దాని మీద పుస్తకం వస్తే ఎక్కడ పెట్టాలి? ఇస్లాం అని 297లోనా, పండుగ అని 394.26లోనా? అల్మరాలో చోటు ఒక్కటే. అందుకే విషయ శీర్షికలు ఒకటికి మించి ఇస్తారు. ఇస్లాం, పండుగలు, అనంతపురం, ఏ మాటతో వెతికినా పుస్తకం తగలాలి.

ఈ గూగూడు మీదే 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ఇంగ్లిష్ పుస్తకం వేసింది. రాసినది అఫ్సర్ మహమ్మద్. తెలుగు కవిత్వంలో ఆయన ఒట్టి అఫ్సర్. ఇద్దరూ ఒకరేనని క్యాటలాగ్‌కు చెప్పకపోతే తెలియదు.

1340 అంటే ఏ సంవత్సరం?

పాత ఉర్దూ పుస్తకాల మీద హిజ్రీ సంవత్సరం ఉంటుంది. హైదరాబాద్ రాజ్యంలో అచ్చయినవాటి మీద ఫస్లీ కూడా కనపడుతుంది. 1340 హిజ్రీ అయితే అది 1921–22. అదే 1340 ఫస్లీ అయితే 1930–31. తొమ్మిదేళ్ల తేడా. అందుకే అచ్చులో ఉన్నది ఉన్నట్టు రాసి, పక్కన ఇంగ్లిష్ సంవత్సరం కట్టి పెడతారు. ఉర్దూ పుస్తకం కుడి నుంచి తెరుచుకుంటుందన్న సంగతి కూడా గుర్తుండాలి. లిపి తెలియనివాళ్లు చివరి పేజీని మొదటి పేజీ అనుకుంటే పేరు, సంవత్సరం కళ్లకే కనపడవు.

ఏమేం రాయాలి, ఎట్లా రాయాలి అన్నదానికి ఇంగ్లిష్ దేశాలు 1967లో ఒక నియమావళి తెచ్చి 1978లో తిరగరాశాయి. దాని బదులుగా 2010లో ఆర్‌డీఏ వచ్చింది. రాసిన వివరాలు కంప్యూటర్‌కు అర్థమయ్యే కోడ్ 'మార్క్'. దాన్ని 1960లలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ అవ్రమ్ తయారుచేశారు. ఇందులో రచయితకు 100, పుస్తకం పేరుకు 245 గడి. ఉర్దూ లిపిలో ఉన్న పేరు కోసం 880 అని వేరే గడే ఉంది. ఉచితంగా దొరికే 'కోహా' సాఫ్ట్‌వేర్‌లో తెలుగు, ఉర్దూ రెండూ పడతాయి.

ఇంటివాళ్లు చేయగలిగినది

ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా గ్రంథాలయాలు 1960 నాటి చట్టం కింద నడుస్తున్నాయి. ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నది జనమే. కాబట్టి అడిగే హక్కు ఉంది. అయితే పట్టికలు, కోడ్‌లు ఎన్ని ఉన్నా ఉర్దూ చదవగలిగే మనిషి లైబ్రరీలో లేకపోతే మూట విప్పేదెవరు?

ఆ పని ఇంట్లోనే సగం చేయొచ్చు. ఒక్కో పుస్తకంలో ఒక్కో చీటీ పెట్టండి. పుస్తకం పేరు, రచయిత పేరు ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాయండి. రచయితకు తఖల్లుస్ ఉంటే, వేరే పేరు ఉంటే అదీ రాయండి. అనువాదమైతే ఎవరిది, ఏ భాష నుంచి అన్నది, అచ్చయిన ఊరు, సంవత్సరం హిజ్రీనా ఫస్లీనా అన్నది చేర్చండి. చివర పుస్తకం దేని గురించో ఒక్క వాక్యం. ఇచ్చేటప్పుడు రిజిస్టర్‌లో పడిన అక్సెషన్ నంబర్ అడిగి తెచ్చుకోండి. పుస్తకం లైబ్రరీ లెక్కలోకి వచ్చిందనడానికి అదే రసీదు.

చీటీ రాయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. దాదాజాన్ చదివి చెప్పాలి, మనవడు రాయాలి. చదివి చెప్పే మనిషి ఇంట్లో ఉన్నప్పుడే ఈ పని అయిపోవాలి. ఆ తర్వాత పెట్టె తెరిస్తే కాగితాలు ఉంటాయి, అవి ఏ పుస్తకాలో చెప్పేవాళ్లు ఉండరు.