ఫాక్లండ్స్ యుద్ధం ఎందుకొచ్చింది?



మన కరీంనగర్ పల్లెల్లో గెట్టు పంచాయితీ ఎరగనివారుండరు. మూరెడు జాగ కోసం అన్నదమ్ములు ఏండ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతారు. పాత ఆదిలాబాద్ జిల్లా కెరమెరి వైపు కొన్ని ఊళ్లను రెండు రాష్ట్రాలూ మావంటే మావన్నాయి. అక్కడివాళ్ల దగ్గర రెండేసి రేషన్ కార్డులుంటాయి. అయినా తుపాకులు పేలలేదు. అటువంటి తగవే రెండు దేశాల మధ్య వచ్చి 907 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ సంగతి ఇవాళ చెప్పుకుందాం.

అర్జెంటీనా తీరానికి సుమారు 480 కిలోమీటర్ల దూరంలో ఫాక్లండ్ దీవులున్నాయి. 1982లో అక్కడి జనం దాదాపు 1,800. గొర్రెల పెంపకమే బతుకుదెరువు. 1833 నుంచి అవి బ్రిటన్ చేతిలో ఉన్నాయి. స్పెయిన్ నుంచి మాకు సంక్రమించిన ఆస్తిని మీరు ఆక్రమించారని అర్జెంటీనా అంటుంది. అక్కడి జనం మమ్మల్నే కోరుకుంటున్నారని బ్రిటన్ అంటుంది.

మరి నూట యాభై ఏండ్ల తగవు 1982లోనే ఎందుకు భగ్గుమంది? అర్జెంటీనాలో అప్పుడు సైనిక పాలన. వేలమందిని మాయం చేశారు. మా పిల్లలేరని తల్లులు తలకు తెల్లగుడ్డ కట్టుకుని 1977 నుంచి రాజధాని కూడలిలో నిలబడి అడుగుతున్నారు. ధరలు మండిపోతున్నాయి. మార్చి 30న జనం వీధికెక్కారు. ఏప్రిల్ 2న సైన్యం దీవుల్లో దిగింది. అంతకుముందే అక్కడి గస్తీ ఓడను తీసేస్తామని బ్రిటన్ చెప్పి ఉండడంతో, వాళ్లు ఇంత దూరం రారులే అని సేనానులు లెక్కవేశారు.

ఆ లెక్క తప్పింది. ప్రధాని థాచర్ నౌకాదళాన్ని పంపారు. అందులో ముఖ్యమైన హెర్మిస్ ఓడే తరవాత మన ఐ.ఎన్.ఎస్. విరాట్ అయి, 1987 నుంచి 2017 దాకా మనకు పనిచేసింది. మే 2న బెల్గ్రానో ఓడ మునిగి 323 మంది పోయారు. చలిలో చాలీచాలని తిండితో పోరాడిన అర్జెంటీనా జవాన్లలో చాలామంది పద్ధెనిమిది, పంతొమ్మిదేండ్ల పిల్లలు. దీవులవాళ్లలో చనిపోయింది ముగ్గురు. ముగ్గురూ ఆడవాళ్లే. వాళ్లను విడిపించడానికి వచ్చిన బ్రిటిష్ ఓడ గుండే పొరపాటున ఇంటిమీద పడింది. జూన్ 14న అర్జెంటీనా లొంగిపోయింది.

ఫలితమేమిటి? సేనానుల పాలన కూలి 1983లో ఎన్నికలు వచ్చాయి. బ్రిటన్లో థాచర్ అదే ఏడు ఘనంగా గెలిచారు. దీవులవారు 2013లో ఓటువేస్తే బ్రిటన్ వద్దన్నవారు ముగ్గురే. అర్జెంటీనా మాత్రం తన హక్కు వదులుకోలేదు. పాతిన మందుపాతరలు ఏరడానికి 2020 దాకా పట్టింది. పేరులేని సమాధుల్లో ఉన్నదెవరో 2017లో మొదలైన పరీక్షల వల్లగాని తేలలేదు. కొందరు తల్లులు కొడుకు సమాధి చూడటానికి ముప్పయి అయిదేండ్లు ఆగారు.

అందుకని అక్కయ్యలూ, చెల్లెళ్లూ, ఎక్కడైనా యుద్ధమని రేడియోలో వింటే పటంలో ఆ చోటెక్కడో వెతకండి. దాంతోపాటు ఆ దేశంలో రొట్టె ధరెంతో, తల్లులు ఏమడుగుతున్నారో కూడా కనుక్కోండి. సెలవు.