పొలిమేర దాటని ఊరు

రాతి గోడల ఇళ్లు, కిటికీల కింద పూలకుండీలు, మధ్యలో పాత చర్చి, చుట్టూ పచ్చటి కొండలు... ఇంగ్లండ్ పల్లె అనగానే క్యాలెండర్లలో కనిపించే బొమ్మ గుర్తొస్తుంది కదా. 'ఈమ్' అచ్చం అలాగే ఉంటుంది. కాకపోతే ఇక్కడ కొన్ని ఇళ్ల ముందు పూలకుండీలతో పాటు ఆకుపచ్చ పలకలు కూడా కనిపిస్తాయి. దగ్గరికెళ్లి చదివితే, ఆ ఇంట్లో ఎవరెవరు ఎప్పుడు చనిపోయారో పేర్లతో సహా రాసి ఉంటుంది. తేదీలన్నీ 1665, 1666 సంవత్సరాలవే!

డెర్బీషైర్ కొండల్లో, షెఫీల్డ్ నగరానికి సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉందీ ఊరు. ఇప్పటికీ జనాభా వెయ్యికి లోపే. బ్రిటన్‌లో మొట్టమొదటి జాతీయ పార్కుగా 1951లో ఏర్పడిన పీక్ డిస్ట్రిక్ట్‌లో భాగం. ఆ కొండలు చూడ్డానికి వచ్చినవాళ్లు ఓ పూట ఈమ్‌లో ఆగుతారు. ఆగినవాళ్లు తొందరగా కదలరు.

బట్టల మూటలో వచ్చింది

1665లో లండన్ ప్లేగుతో అల్లాడుతోంది. ఆ ఏడాది వేసవి చివర్లో ఈమ్‌లోని దర్జీకి లండన్ నుంచి బట్టల మూట ఒకటి వచ్చింది. తడిగా ఉందని అతని దగ్గర పనిచేసే జార్జ్ వికర్స్ వాటిని విప్పి పొయ్యి దగ్గర ఆరేశాడు. వాటితో పాటే ప్లేగూ వచ్చిందన్నది ఊళ్లో తరతరాలుగా చెప్పుకునే మాట. సెప్టెంబరు 7న వికర్స్‌ని సమాధి చేశారు. ఆ తర్వాత వరసగా ఇరుగూ పొరుగూ... చలికాలంలో కాస్త నెమ్మదించినట్టే అనిపించి, ఎండలు మొదలవగానే మహమ్మారి మళ్లీ విరుచుకుపడింది.

అప్పటికి చర్చికి కొత్త పాస్టర్ విలియం మాంపెసన్. వయసు ముప్పైలోపే. వచ్చి ఎన్నాళ్లో కాలేదు, జనానికి ఆయనంటే పెద్ద గురి లేదు. వాళ్లు నమ్మింది పాత పాస్టర్ థామస్ స్టాన్లీని. చర్చి కొత్త నిబంధనలకు తలొగ్గలేదని ఆయన్ని పదవి నుంచి తప్పించారు. ఇద్దరివీ వేర్వేరు దారులు. అయినా 1666 జూన్‌లో ఇద్దరూ కలిసి జనం ముందు నిలబడ్డారు. ఊరు దాటి ఎవరూ వెళ్లొద్దు... జబ్బు చుట్టుపక్కల పల్లెలకి పాకకూడదు... ఇదీ వాళ్లు అడిగింది. జనం సరేనన్నారు.

2020లో కరోనా వచ్చినప్పుడు మన పల్లెల్లో కొన్నిచోట్ల దారికి ముళ్లకంపలు అడ్డం వేసుకున్నారు. అది బయటివాళ్లు లోపలికి రాకుండా. ఈమ్ వాళ్లు గీసుకున్న గీత లోపలివాళ్లు బయటికి పోకుండా!

సరిహద్దు రాయి

ఆ గీతను ఇప్పుడూ చూడొచ్చు. ఈమ్ నుంచి పక్క ఊరు స్టోనీ మిడిల్టన్‌కి పొలాల మీదుగా కాలిబాట ఉంది. ఆ దారిలోనే ఉంటుంది సరిహద్దు రాయి. పైన గుండ్రటి గుంటలు. వాటిలో వెనిగర్ పోసి, అందులో నాణేలు వేసి వెళ్లేవారు. పక్క ఊరివాళ్లు ఆ డబ్బు తీసుకుని తిండిగింజలు, సరుకులు అక్కడ పెట్టి వెళ్లిపోయేవారు. ఒకరి ముఖం ఒకరు చూసుకునే పనిలేదు. ఊరికి ఉత్తరాన కొండ మీదున్న 'మాంపెసన్ బావి' దగ్గరా ఇలాగే జరిగేది. అది బావి అంటే మన బావిలా ఉండదు, చిన్న ఊట. చాట్స్‌వర్త్ మహల్‌లో ఉండే డెవన్‌షైర్ ప్రభువు కూడా ఊరికి సరుకులు పంపించాడు.

చర్చిలో గుమిగూడితే ప్రమాదమని ప్రార్థనలు కక్లెట్ డెల్ఫ్ అనే లోయకి మార్చారు. సున్నపురాతి గుహల పక్కన పచ్చిక వాలులో, కుటుంబాలు దూరదూరంగా నిలబడేవి. చచ్చిపోయినవాళ్లను చర్చి ఆవరణకి మోసుకెళ్లడమూ ఆపేశారు. ఎవరి మనుషుల్ని వాళ్లే తమ పెరట్లోనో పొలంలోనో పూడ్చుకోవాలి.

ఊరికి తూర్పున గుట్ట వాలులో గుండ్రటి రాతి గోడ మధ్య కొన్ని సమాధులున్నాయి. రైలీ సమాధులు. ఎలిజబెత్ హాంకాక్ అనే రైతు ఇల్లాలు 1666 ఆగస్టులో ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ ఒంటిచేత్తో ఇక్కడ పూడ్చింది. అక్కడ నిలబడితే ఎదురుగా లోయంతా ఎంతో అందంగా కనిపిస్తుంది. చూసేవాళ్లకి ఆ అందం కాసేపు మింగుడుపడదు.

ఆ ఒక్క నెలలోనే ఊళ్లో 78 మంది పోయారు. వాళ్లలో మాంపెసన్ భార్య క్యాథరిన్ ఒకరు. పిల్లల్ని ముందే ఊరు దాటించిన దంపతులు వాళ్లు. తను మాత్రం భర్తను వదిలి వెళ్లనంది. ఆమె సమాధి చర్చి ఆవరణలోనే ఉంది. 1666 నవంబరుతో ప్లేగు ఆగింది. పద్నాలుగు నెలల్లో మృతులు 260 మంది.

ఇదంతా త్యాగమేనా అంటే... చరిత్రకారులు కొందరు అనుమానాలు లేవనెత్తారు. డబ్బున్నవాళ్లు కొందరు ముందే వెళ్లిపోయారు. ఉన్నవాళ్లలో చాలామందికి పోదామన్నా చోటెక్కడ? గోతులు తవ్వి పూడ్చిపెట్టి, కూలి కింద చచ్చినవాళ్ల సామాన్లు పట్టుకెళ్లిన మార్షల్ హౌ అనే ఆయన కథా ఈ ఊళ్లోనే చెబుతారు. అందరూ మహాత్ములేం కాదు. మామూలు మనుషులు. అయినా పక్క ఊళ్లలో ప్లేగు ప్రబలలేదన్న సంగతి మాత్రం మిగిలింది.

చూడాల్సినవి ఇంకా...

చర్చి ఆవరణలో ఎనిమిదో శతాబ్దం నాటి రాతి శిలువ, గోడ మీద 1775 నాటి నీడ గడియారం తప్పక చూడాలి. 1672లో కట్టిన ఈమ్ హాల్ భవనం, దానికెదురుగా నేరస్థుల కాళ్లు బిగించే పాత బొండకొయ్య ఉన్నాయి. మ్యూజియం మీద గాలి దిక్కు చెప్పే రేకు బొమ్మ ఏమిటో తెలుసా? ఎలుక!

ఆగస్టు చివరి ఆదివారం వెళ్తే మరీ మంచిది. ఆ రోజు ఊరంతా ఊరేగింపుగా కక్లెట్ డెల్ఫ్‌కి వెళ్లి ప్రార్థన చేస్తుంది. ఆ రోజుల్లోనే ఊటల్నీ అలంకరిస్తారు. చెక్క పలకల మీద తడి బంకమట్టి పరిచి, పూరేకులు ఒక్కొక్కటీ అద్ది పెద్ద పెద్ద బొమ్మలు తీరుస్తారు. ఈ జిల్లాలో బాగా పేరున్న వేడుక ఇది.

మరో రోజు చేతిలో ఉంటే చాట్స్‌వర్త్ చూడొచ్చు. 2005లో వచ్చిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' సినిమాలో హీరో బంగళా అదే. ఇంకోవైపు కాసిల్టన్ గుహల్లో నీలం, పసుపు చారల 'బ్లూ జాన్' రాయి దొరుకుతుంది. పక్కనే 517 మీటర్ల మామ్ టార్ కొండ. అది తరచూ జారుతుంటే కింది రోడ్డుని బాగుచేసి బాగుచేసి విసిగిపోయి 1979లో మూసేశారు. విరిగిన ఆ తారురోడ్డు మీద ఇప్పుడు జనం సరదాగా నడుస్తుంటారు.

షెఫీల్డ్ - మాంచెస్టర్ రైలు మార్గంలో గ్రిండిల్‌ఫోర్డ్ దగ్గరి స్టేషను. మ్యూజియం చలికాలంలో మూసి ఉంటుంది, ముందే కనుక్కుని వెళ్లాలి. సరిహద్దు రాయి దగ్గరికీ రైలీ సమాధుల దగ్గరికీ నడిచే వెళ్లాలి, వాన పడితే బాట జారుతుంది, మంచి బూట్లు ఉండాలి. పొలాల్లో గొర్రెలు మేస్తుంటాయి కాబట్టి, దారిలో తీసిన గేటునల్లా మళ్లీ వేసి రావాలి.