పెద్దవాళ్ల కంచంలో ఏం తగ్గింది?

పెద్ద వయసువాళ్ల నోటి ఆరోగ్యాన్ని తెలుసుకోవడానికి చాలా దేశాల్లో వాడే ప్రశ్నావళి ఒకటుంది. 1990లో అమెరికాలో ఆచిసన్, డోలన్ అనే పరిశోధకులు దాన్ని తయారుచేశారు. మొత్తం 12 ప్రశ్నలు. నోట్లో పళ్లెన్ని ఉన్నాయని అందులో ఎక్కడా ఉండదు. పళ్ల బాధతో తిండి తగ్గించుకున్నారా, నమలడం, మింగడం కష్టంగా ఉందా, నలుగురి ముందు తినాలంటే ఇబ్బంది పడుతున్నారా, మనుషుల్లోకి వెళ్లడం తగ్గించారా అని అడుగుతారు. నోరు పాడైతే మనిషి బతుకు ఎక్కడెక్కడ కుంచించుకుపోతుందో ఆ ప్రశ్నలు చూస్తేనే తెలిసిపోతుంది.

మన ఇళ్లలో ఈ మార్పు ఎవరి కంటా పడదు. పెద్దాయన ముందు జంతికలు మానేస్తాడు. తర్వాత జామకాయ, జొన్నరొట్టె, వేటమాంసం. చివరికి మెత్తగా పిసికిన పెరుగన్నం, టీలో ముంచుకునే బిస్కెట్లు మిగులుతాయి. అడిగితే ఆకలి లేదంటాడు, పెళ్లికి రమ్మంటే మీరు వెళ్లిరండి అంటాడు. వయసు మీద పడింది కదా అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. కానీ ఆయన వదిలేసినవాటిలోనే పీచు, మాంసకృత్తులు ఉన్నాయి. కంచంలో మిగిలిందంతా దాదాపు పిండిపదార్థమే. కండ కరగడానికి, మలబద్ధకానికి, షుగర్ అదుపు తప్పడానికి అక్కడే దారి పడుతుంది.

వయసొస్తే పళ్లు ఊడటం మామూలే అన్న నమ్మకం అన్నిటికన్నా ఎక్కువ చేటు చేస్తోందని నేననుకుంటాను. ఎక్కువగా పళ్లు పోయేది ఏళ్ల తరబడి పట్టించుకోని చిగుళ్ల జబ్బు వల్ల, పుచ్చు వల్ల. 80 ఏళ్ల వయసులో 20 సొంత పళ్లు ఉండాలంటూ జపాన్ 1989లో '8020' ఉద్యమం మొదలుపెట్టింది. అప్పట్లో ఆ వయసువాళ్లలో పదిమందికి ఒకరికి కూడా అన్ని పళ్లు లేవు. 2016 సర్వే నాటికి సగం మందికి పైగా ఉన్నాయి. 20 పళ్లుంటే కట్టుడు పళ్ల అవసరం లేకుండా దాదాపు అన్నీ నమిలి తినొచ్చు.

నోరు ఎండిపోవడాన్ని కూడా వయసు ఖాతాలోనే వేస్తారు. చాలాసార్లు కారణం మందుల డబ్బాలో ఉంటుంది. ఒంట్లో నీరు తీసే బీపీ మాత్రలు, అలర్జీ మాత్రలు, మానసిక కుంగుబాటుకు, మూత్రం ఆపుకోలేకపోవడానికి ఇచ్చే మందులు లాలాజలాన్ని తగ్గించగలవు. లాలాజలం నోట్లో పుట్టే ఆమ్లాన్ని విరుస్తుంది, పంటికి ఖనిజాలను తిరిగి అందిస్తుంది, ముద్ద గొంతు దిగేలా చేస్తుంది. అది తగ్గితే అన్నీ ఒకేసారి దెబ్బతింటాయి. చిగురు జారి బయటపడ్డ పంటి వేరుకు ఎనామిల్ రక్షణ ఉండదు కాబట్టి పుచ్చు అక్కడ తొందరగా పడుతుంది. నోరు తడవడానికని పిప్పరమెంట్లు చప్పరిస్తే అది ఇంకా పెరుగుతుంది. మాత్రలు సొంతంగా మానెయ్యకూడదు. డాక్టరుకు చెబితే మందో మోతాదో మార్చే వీలుందేమో చూస్తారు. ఈలోగా నీళ్లు కొంచెం కొంచెంగా తాగుతుండాలి, రెండు పూటలా ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోవాలి. పన్ను పీకించుకునేటప్పుడు రక్తం పలచబరిచే మాత్రలు, ఎముకల బలానికి వేసే ఇంజెక్షన్లు వాడుతుంటే ముందే దంతవైద్యుడికి చెప్పాలి.

కట్టుడు పళ్లు పెట్టించేశాం, ఇక బాధ్యత తీరిందనుకునే పిల్లలు చాలామంది. సొంత పళ్ల కొరుకుడు బలంలో అవి ఇచ్చేది కొంతే. పైగా పళ్లు పోయిన దవడ ఎముక అరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఒకప్పుడు చక్కగా అమరిన సెట్టు కొన్నేళ్లకు వదులవుతుంది. మాట్లాడుతుంటే జారుతుందేమోనన్న భయంతో పెద్దావిడ దాన్ని డబ్బాలో దాచేస్తుంది. లోపలి భాగాన్ని చిగుళ్లకు తగ్గట్టు మళ్లీ సరిచేయించవచ్చని ఆమెకు ఎవరో ఒకరు చెప్పాలి. రాత్రి సెట్టు తీసి, సబ్బునీళ్లతో తోమి, చల్లటి నీళ్లలో ఉంచాలి. మరిగే నీళ్లలో వేస్తే వంకరపోతుంది. తియ్యకుండా పడుకుంటే దాని కింద అంగిలి ఎర్రబడి ఫంగస్ చేరుతుంది.

శ్రీకాకుళం, విశాఖ తీరప్రాంతాల్లో చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అవ్వలున్నారు. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగిలి అక్కడ క్యాన్సర్ వస్తుంది. మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు. రెండు వారాలైనా మానని పుండునూ, తెల్లమచ్చనూ ఎవరికి వచ్చినా చూపించాల్సిందే. సెట్టు ఒరుసుకుని వచ్చిందిలే అని వదిలేయకూడదు.

మంచం పట్టినవాళ్ల నోరు ఇంకా ముఖ్యం. అందులోని క్రిములు లాలాజలంతో ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్లు సాగిన పరిశీలన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. రోజూ నోరు శుభ్రం చేయించినవాళ్లలో నూటికి 11 మందికి న్యుమోనియా వస్తే, మిగతావాళ్లలో 19 మందికి వచ్చింది. పళ్లు ఒక్కటీ లేనివాళ్లకు కూడా ఈ శుభ్రత మేలు చేసింది. ఇంట్లో చెయ్యాలంటే తల ఎత్తుగా పెట్టి ఒక పక్కకు తిప్పి, మెత్తటి బ్రష్‌తోనో తడిపి పిండిన గుడ్డతోనో చిగుళ్లు, నాలుక, బుగ్గల లోపలి వైపు తుడవాలి. నీళ్లు మాత్రం నోట్లో పొయ్యకూడదు.