పాత కారు మళ్లీ కట్టిస్తున్నారా? అడుగున కొట్టే నల్లరంగు కింద ఏముందో చూసుకోండి

చాలా ఇళ్లల్లో పాత మారుతి 800 ఒకటి ఉంటుంది. తండ్రో, పెద్దన్నో కొన్న బండి. అమ్మితే పెద్దగా రాదు, వదులుకోవడానికి మనసొప్పదు. చివరికి ఇంజిన్ దించి, మొత్తం విప్పి మళ్లీ కట్టిద్దామని ఇంట్లో తీర్మానం అవుతుంది. షెడ్డుకు వెళ్లగానే మొదలయ్యేది రంగు గురించే. పాత తెలుపే వేయించాలా, మెటాలిక్ వేయించాలా అని గంటసేపు చర్చ. బానెట్ లోపల, బండి అడుగున ఏం చేస్తారని మాత్రం ఎవరూ అడగరు. "కింద బ్లాక్ కొట్టేస్తాంలే భాయ్" అన్న ఒక్క మాటతో ఆ సంగతి తెగిపోతుంది.

అసలు డబ్బు పెట్టాల్సింది అక్కడే. మారుతి 800 రోడ్డెక్కింది 1983 డిసెంబర్‌లో, తయారీ ఆగింది 2014 జనవరిలో. అంటే ఆఖరున వచ్చిన బండికి కూడా పదేళ్లు దాటిపోయాయి. లారీకి ఉన్నట్టు ఈ కారుకు విడిగా ఛాసిస్ ఉండదు. ఫ్లోరు రేకు, తలుపుల కింద పొడవునా ఉండే బోలు పెట్టెలు, ఇంజిన్‌కు అటూఇటూ ఉండే గోడలు, ఇవన్నీ కలిపి వెల్డింగ్ చేసిందే దాని ఎముకల గూడు. సస్పెన్షన్, సీట్లు, సీటు బెల్టులు బిగించేది ఆ రేకులకే. డోరు మీద తుప్పు చూడ్డానికి బాగోదు, అంతే. బెల్టు బోల్టు దగ్గర రేకు తుప్పు పట్టిందంటే, ఢీకొన్నప్పుడు పిల్లల్ని పట్టి ఉంచాల్సిన బెల్టే ఊడి చేతికొస్తుంది.

తుప్పు ఎక్కడపడితే అక్కడ రాదు. బురద పట్టి ఆరకుండా ఉండే చోటే మొదలవుతుంది. చక్రాల పైన గుండ్రటి రేకు లోపల, జాకీ పెట్టే చోట్ల, రెండు రేకులు కలిసే అతుకుల్లో ముందు చూడాలి. లోపల మ్యాట్ కింద కూడా చూడాలి. డోరు రబ్బరు పాడై వాన నీళ్లు దిగితే ఫ్లోరు పైనుంచే తినేస్తుంది. బానెట్ లోపల రెండు చోట్లు ముఖ్యం. ఒకటి బ్యాటరీ ట్రే, యాసిడ్ కారి రేకు పొరలు పొరలుగా లేస్తుంది. రెండోది బ్రేక్ ఆయిల్ డబ్బా కింద. బ్రేక్ ఆయిల్ పడితే రంగు మెత్తబడి ఊడిపోతుంది, ఆ తర్వాత వచ్చేది తుప్పే. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలి వల్ల ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వరదల్లోనూ, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ బుడమేరు వరదలోనూ నీట మునిగిన బళ్లకైతే బోలు పెట్టెల లోపలికి బురద నీళ్లు వెళ్లాయి. పైన ఎంత కడిగినా లోపలి ఒండ్రు పోదు, ఏళ్ల తరబడి తడి పీలుస్తూ ఉంటుంది.

ఇంజిన్ ఎలాగూ దించుతున్నారు కాబట్టి ఈ పనికి ఇదే అదను. మామూలప్పుడు చెయ్యి దూరని చోట్లన్నీ ఇప్పుడు అందుతాయి. వైర్లు, పైపులు విప్పే ముందు ఫోన్‌లో ఫొటోలు తీసి, ఒక్కో వైరుకు టేపు కట్టి నంబరు రాస్తే తర్వాత గందరగోళం ఉండదు. బ్యాటరీ తీసేయాలి. వెల్డింగ్ పని ఉంటే పెట్రోల్ ట్యాంకు కూడా దించేయాలి. ట్యాంకు ఖాళీగా ఉందిలే అని వదిలేస్తారు కొందరు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరికే ఎక్కువ ప్రమాదం. ఎల్పీజీ కిట్ ఉన్న బండికి సిలిండర్ కూడా బయటికి రావాల్సిందే.

ముందు జిడ్డు, తర్వాతే రుద్దుడు. ఈ వరుస తప్పితే గరుకు కాగితంతో రుద్దినప్పుడు జిడ్డు రేకులోకే పోతుంది. చాలా షెడ్లలో డీజిల్‌తోనో, కిరోసిన్‌తోనో కడిగి అదే చాలనుకుంటారు. డీజిల్ మురికిని తీస్తుంది గానీ తనదొక నూనె పొర వదిలిపోతుంది. దాని మీద ఎంత ఖరీదైన పెయింట్ కొట్టినా నిలవదు. సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక శుభ్రమైన గుడ్డతో థిన్నర్ పెట్టి తుడవాలి. అది ఆరేలోపే ఇంకో పొడి గుడ్డతో తుడిచేయాలి. కొన్నేళ్లుగా అడుగున పాత ఇంజిన్ ఆయిల్ కొట్టించిన బండి అయితే ఈ పనికే ఒక రోజు పడుతుంది. ఆ ఆయిల్ అలవాటు అసలు మంచిది కాదు, రబ్బరు బుష్‌లను ఉబ్బించి పాడు చేస్తుంది.

తర్వాత పాత నల్లపూత గీకేయాలి. ఇదే అన్నిటికంటే విసుగు పని, అందుకే ఎక్కువమంది ఎగ్గొట్టేదీ ఇదే. గీకాక స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడాలి, చిన్న సుత్తితో తట్టాలి. మంచి రేకు ఖంగుమంటుంది, తినేసిన రేకు చప్పగా పలుకుతుంది. పైపై తుప్పయితే వైర్ బ్రష్‌తో రుద్ది తీసేయొచ్చు. స్క్రూడ్రైవర్ దిగిపోతే మాత్రం ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి, వేరే దారి లేదు. రంధ్రానికి లప్పం పెట్టి, ఫైబర్ అతికించి పైన నలుపు కొట్టడం బాగుచేయడం కాదు, దాచడం. పదిహేనేళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి తనిఖీకి తీసుకెళ్లినప్పుడు ఆ దాపరికం బయటపడితే అదృష్టమే. రోడ్డు మీద బయటపడితే?

ఒట్టి రేకు తేలాక అదే రోజు ప్రైమర్ పడాలి. వానాకాలం గాలికి రాత్రికి రాత్రే సన్నటి ఎర్ర తుప్పు లేస్తుంది. ఇక్కడ రెడ్ ఆక్సైడా, ఎపాక్సీనా అన్న ప్రశ్న వస్తుంది. రెడ్ ఆక్సైడ్ చవక, గేటుకూ గ్రిల్లుకూ సరిపోతుంది. కానీ తడిని పూర్తిగా ఆపలేదు. బండి అడుగుకు ఎపాక్సీ ప్రైమర్ అడగండి. డబ్బా కొంచెం ఖరీదే, రేకును గట్టిగా పట్టుకుని నీటిని రానివ్వదు. ఎపాక్సీ మీద అతుకులకు సీలర్, ఆ తర్వాత రంగు, చక్రాల దగ్గర రాళ్లు తగిలే చోట రబ్బరు పూత. ఆ రబ్బరు పూత చివరి పొర. తుప్పు మీద నేరుగా కొడితే కింద తడిని మూసిపెట్టి పెంచుతుంది, పైకి మాత్రం కొత్తగా కనిపిస్తుంది. బోలు పెట్టెల లోపలికి గన్ చేరదు కాబట్టి సన్నటి గొట్టంతో మైనపు పూత పంపిస్తారు. వెల్డింగ్ వేడికి లోపలి రంగు కాలిపోయి ఉంటుంది, అందుకే ఇది తప్పనిసరి.

బానెట్ లోపల నలుపు కంటే బాడీ రంగే మేలు. ఆయిల్ ఎక్కడ కారుతోందో లేత రంగు మీద వెంటనే తెలుస్తుంది. మొత్తం రంగే మారుస్తుంటే ఆర్సీలో కూడా మార్పించాలి. పెయింటర్‌కు ముందే చెప్పాల్సిన ఇంకో మాట ఛాసిస్ నంబరు గురించి. చాలా కార్లలో అది ఇంజిన్ వెనక గోడ రేకు మీద చెక్కి ఉంటుంది. దాని మీద గ్రైండర్ పెట్టినా, లప్పం పూసినా ఆర్టీఏ దగ్గర పెన్సిల్ ప్రింట్ రాదు. నంబరు చెరిపేశారన్న అనుమానం మొదలవుతుంది. అక్కడ చేత్తో మెల్లగా రుద్ది పలచటి పొర వేస్తే చాలు.

కొన్ని చోట్ల రంగు పడకూడదు. బ్యాటరీ ఎర్త్ వైరు బిగించే చోట రంగుంటే, తర్వాత స్టార్టింగ్ ట్రబుల్‌కు కారణం వెతుక్కుంటూ తిరగాలి. బ్రేక్ డిస్కులు, రబ్బరు పైపులు, బుష్‌లు టేపుతో మూసేయాలి. సైలెన్సర్ మీద మామూలు పెయింట్ పడితే పొగ, వాసన. తలుపుల కింద, పెట్టెల కింద నీళ్లు దిగే చిన్న రంధ్రాలు నల్లపూతతో మూసుకుపోతే ఇంత ఖర్చూ రెండు వానాకాలాల్లో నీళ్లపాలు.

గన్ పట్టుకునే కుర్రాడి సంగతి కూడా బండి యజమానికి సంబంధం లేనిది కాదు. ఆటోనగర్లలో, షెడ్లలో డెంటింగ్, పెయింటింగ్ పనిమీద బతికే కుటుంబాలు మనలో తక్కువేం కాదు. టూకే పెయింట్ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. ఆ మంచు పీల్చేవాళ్లకు ఆస్తమా రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే తర్వాత కొంచెం తగిలినా ఊపిరాడదు. ముక్కుకు కట్టిన రుమాలు, గుడ్డ మాస్కు దీన్ని ఆపలేవు. బండి కింద, మూసిన షెడ్డులో కొడితే ముప్పు ఇంకా ఎక్కువ. బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందించే మాస్కు కావాలి, షెడ్డులో గాలి బయటికి లాగే ఫ్యాను కావాలి. అవి లేని చోట టూకే పెయింట్ కొట్టించకపోవడమే మంచిది. బ్రష్‌తో వేసే ఎపాక్సీ అడుగు భాగానికి బాగానే పనిచేస్తుంది. గీతలు కనిపించినా కింద చూసేదెవరు?

బేరం ఆడేటప్పుడు ఉస్తాద్‌తో ఒక షరతు పెట్టుకోండి. పాత పూత గీకి, వెల్డింగ్ అయ్యాక, ప్రైమర్ కొట్టే ముందు ఫోన్ చేయాలి. వెళ్లి కళ్లారా చూసి, ఫొటోలు తీసుకుని, అప్పుడే రెండో విడత డబ్బు ఇవ్వాలి. పని మీద నమ్మకమున్న ఉస్తాద్ దీనికి ఏమీ అనుకోడు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకూ ఈ ఫొటోలే పనికొస్తాయి. బండి పాతది, అడుగు మాత్రం నిన్న వేసినట్టు నల్లగా నిగనిగలాడుతోంది, ఫొటోలు అడిగితే లేవంటున్నారు అంటే, ర్యాంపు ఎక్కించి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే ఇంకో బండి చూసుకోండి.